ఖాళీగానే ఉంది, కట్టుకోండి

మీ మరిది పడవకు అక్కడేమీ కాదు కదా అని మార్నీ అడిగినప్పుడు, ఏమీ కాదని నేనెందుకు అన్నాను? ఇరవై ఆరేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. జవాబు మాత్రం దొరకలేదు.

నా మరిది కుమెజి జపాన్ గోతో దీవుల్లోని మా చిన్న రేవులో చేపలు పట్టేవాడు. భార్య కియోతో కలిసి ముప్పై ఏళ్లు ఒకే పడవ మీద వలలు లాగాడు. ఆమె పోయాక పడవకు కొత్త రంగు వేసి ‘కియోమారు’ అని ఆమె పేరే రాయించాడు. ఆయన పోయింది సముద్రంలో కాదు, మంచం మీదే, ఎనభై ఒకటో ఏట. నేను చెప్పేది పడవ సంగతి.

మా రేవులో అలలను ఆపే గోడ వంపు తిరిగే మూల ఒకటుంది. దక్షిణపు గాలి ఎంత కొట్టినా అక్కడ కట్టిన పడవ కదలదు. పట్టేది ఒక్క పడవే. తండ్రి నాటి నుంచీ అది కుమెజిదే. ఆ సెప్టెంబరులో ఆయన వేట నుంచి తిరిగొచ్చేసరికి, న్యూజిలాండ్ దంపతులు డెరెక్, మార్నీ ఇంజను చెడిపోయిన తెరచాప పడవను ఆ మూలలో కట్టుకుంటున్నారు.

"ఈ చోటు ఎవరిదైనానా?" మార్నీ వచ్చీరాని మా భాషలో అడిగింది.

"ఖాళీగానే ఉంది, కట్టుకోండి" అన్నాడు కుమెజి. తన పడవను తీసుకెళ్లి అలలు నేరుగా తగిలే బయటి గోడకు కట్టాడు. రేవంతా చూసింది. అతిథిని కూర్చున్న చోటు నుంచి లేపడం మా ఊళ్లో ఎవరికీ చేతకాదు.

రోజూ పొద్దున్నే వాళ్ల పడవ మీద తాజా చేప ఉండేది. స్నానం, భోజనం మా ఇంట్లో.

"అన్నా, ఈ చేప నన్నే చూస్తోంది" అనేవాడు డెరెక్.

"నువ్వు తినేదాకా చూస్తూనే ఉంటుంది" అనేవాడు కుమెజి.

తొమ్మిదో రోజు రేడియోలో తుఫాను కబురు వచ్చింది. మర్నాడు చీకటి పడేలోగా మా మీదికి వస్తుంది. ఇంజను సామాను ఇంకా రాలేదు. కుమెజిని వంటింట్లో నిలదీశాను.

"ఆ చోటు నీదని చెప్పేయవయ్యా. మంచివాళ్లు, అర్థం చేసుకుంటారు."

"చెప్తే వెంటనే బయటి గోడకు లాక్కెళ్లి కట్టుకుంటారు వదినా. ఆ పడవే వాళ్ల ఇల్లు."

"మరి నీ పడవో?"

"ఖాళీ అని నా నోటితోనే అన్నాను."

"ఆ నోటితోనే ఇప్పుడు ఇంకో మాట అను."

"అంత నోరే ఉంటే కియో చేత అన్నేళ్లు తిట్లెందుకు తింటాను?" టీ తాగేసి లేచాడు.

మర్నాడు పొద్దున తన లావుపాటి తాళ్లు, గోడకు ఒరుసుకోకుండా వేలాడదీసే పాత టైర్లు అన్నీ తెచ్చి అతిథుల పడవకే కట్టాడు. ఇక కియోమారుకు మిగిలినవి సన్నటి తాళ్లే. బయటి గోడ దగ్గర అది ఎగిరెగిరి పడుతోంది. మార్నీ దాని వైపే చూస్తూ నన్ను ఆ ప్రశ్న అడిగింది. ఒక్క మాట చెబితే చాలు. నాలిక దాకా వచ్చింది కూడా.

"ఏమీ కాదు. నీళ్లు కాగాయి, రండి" అన్నాను.

మధ్యాహ్నానికి గాలి తలుపులను బాదుతోంది. ముందు గదిలో వాళ్లిద్దరూ వేడి నూడుల్స్ తింటున్నారు. పెరటి తలుపు చప్పుడైతే వంటింట్లోకి వెళ్లాను. ఎవరూ లేరు. పళ్లెంలో చుట్టి పెట్టిన అన్నం ముద్దలు రెండు తగ్గాయి.

కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. బయటి గోడ దగ్గర ఏమీ లేదు. కియోమారు రేవు నోరు దాటుతోంది. ఎదుటి రాతి దీవి చాటున లంగరు వేసి గాలికి ఎదురు నిలబెట్టాలని కాబోలు. ఆ తాళ్లతో ఇక్కడైతే అది సాయంత్రం దాకా కూడా ఆగదు. కుమెజి తిరిగొచ్చాడు గానీ, నేను ఆ పడవను చూడటం అదే ఆఖరు.

"అన్న ఏడీ? చల్లారిపోతోంది, పిలవండి" అన్నాడు డెరెక్ ముందు గదిలోంచి.

చుక్కాని దగ్గర కుమెజి వీపు కనిపిస్తోంది. ఒక్కసారైనా ఇటు తిరుగుతాడేమోనని చూస్తూ నిలబడ్డాను. తిరగలేదు.