పడితో కొలిచిన నొప్పి

సత్యవేడు పక్క పల్లెల్లో వేరుశనగ పీకే రోజుల్లో కూలి కాయల రూపంలోనే ఇస్తారు. చెట్ల నుంచి కాయలు తుంచిన ఆడవాళ్లు ఎవరి కుప్ప వాళ్లు పోసుకుంటారు. ఆ కుప్పను పడి అనే ఇనప కొలపాత్రతో కొలిచి, పది పడులు భూమిగలాయనకు వేస్తే ఒకటి కూలామెకు. వినడానికి బాగానే ఉంటుంది. మోసమంతా కొలిచే చేతిలో ఉంటుంది. ఆసామి పడి తలకు మించి కుప్పగా నిండుతుంది. కూలామె పడిలో కాయలతో పాటు కొలిచేవాడి బొటనవేలు కూడా కూర్చుంటుంది.

దేవకమ్మ కొలతలో ఆ తేడా ఉండదు. పదకొండు పడులూ అరచేత్తో అంచుకు తుడిచి, ఒకే ఎత్తున పోస్తుంది. 1971లో చెంగల్రాయుడు నాయుడి చేనులో ఆడకూలీలంతా గట్టు మీద కూర్చుని, "దేవకమ్మక్క కొలిస్తేనే కాయ తుంచుతాం" అని సాధించుకున్న హక్కు అది. ఏ కాగితం మీదా లేదు. ఆమె కుప్ప ముందు కూర్చోగలిగినంత కాలమే దానికి ఆయుష్షు.

1978 నాటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్లు మొరాయించాయి. కొలిచే మనిషి కుప్ప ముందు గొంతుక్కూర్చోవాలి. పీట వేసుకోకూడదు. లక్ష్మి నేల మీద ఉంటే మనిషి ఎత్తున కూర్చోవడం అపచారమని అక్కడి పట్టింపు. అంతకు ముందు ఏడాది కొలత మధ్యలో లేవబోయి, లేవలేక, ఇద్దరు ఆడవాళ్ల భుజాలు పట్టుకోవలసి వచ్చింది. నాయుడి గుమాస్తా మునస్వామి నవ్వాడు.

"వచ్చే ఏడు నేను కొలుస్తాలేవ్వా. నువ్వు నీడన కూర్చోని ఆకూ వక్కా నములుకో."

ఆ నవ్వు ఆమెను ఇంటిదాకా తరిమింది. మొదట, సైకిలు మీద ఊరూరూ తిరిగే సూదాయన చేత సూదులు వేయించుకుంది. రెండు రోజులు హాయి, మూడో రోజు మామూలే. నాలుగు నెలలకు మొహం ఉబ్బింది, కడుపు మండింది. ఆషాఢంలో సర్కారు ఆసుపత్రికి నడిచింది. అక్కడి డాక్టరు ధనంజయ చిత్తూరు టౌనులో పెరిగిన కుర్రాడు. మంచివాడే, కానీ బయట వరసలో అరవైమంది ఉన్నారు.

"నొప్పి ఎంతుంది అవ్వా? ఎక్కువా, తక్కువా?"

"నొప్పి నొప్పే నాయనా. దానికి ఎక్కువా తక్కువా ఏముండాది? సూది ఎయ్యి, పోతాను."

"సూది వెయ్యను. ఆ సూదులే నిన్ను పాడుచేసినాయి. పొద్దునొకటి, సాయంత్రమొకటి ఈ మాత్రలు మింగు. కింద కూర్చోవడం మానెయ్యి."

"కింద కూర్చోకుండా ఉండేదానికైతే నీ దగ్గరికెందుకొస్తాను? ఇంట్లోనే పండుకోనుండనా?"

ఆ మాట వినేలోపే తర్వాతి మనిషి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఈ ముసలామె కింద కూర్చుని ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. పేదవాళ్ల ఒంటిని చూసి, పేదవాళ్ల పనిని చూడకపోవడం మన వైద్యానికి ఉన్న పాత జబ్బు.

నెల తర్వాత వచ్చింది. "ఎట్లుంది?" అంటే "అట్లే ఉండాది" అంది. డాక్టరు ఇంకో మాత్ర కలిపాడు. మరో నెలకూ అదే జవాబు. ఈసారి ఆయన ఇంకా బలమైన మందు రాయబోతుంటే, కాంపౌండరు కుప్పయ్య అడ్డమొచ్చాడు. అతనిది ఆ చుట్టుపక్కల ఊరే.

"ఉండండి సార్. అవ్వా, ముందిచ్చిన మాత్రలు ఎన్ని మింగినావు?"

దేవకమ్మ కొంగుముడి విప్పింది. రెండు నెలల మాత్రలూ కాగితాల పొట్లాల్లో భద్రంగా ఉన్నాయి.

"విత్తనం కాయలు ఎవురన్నా ముందే తినేస్తారా? కార్తీకంలో కాయ పీకేటప్పుడు మింగుదామని దాసిపెట్టినా."

కుప్పయ్య గట్టిగా నవ్వాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. మూడో రకం మందు కూడా ఈమెకు కట్టబెట్టేవాడినే కదా అనుకున్నాడేమో, కోపం కాసేపట్లో చల్లారింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "తప్పు నాది కూడా. ఆ కార్తీకం సంగతేందో చెప్పవ్వా" అన్నాడు.

ఆమె చెప్పింది. పడి గురించి, గట్టు మీద కూర్చున్న రోజు గురించి, మునస్వామి నవ్వు గురించి. అంతా విన్నాక కుప్పయ్య అన్నాడు: "సార్, ఈమె కొలిచే మనిషి. ఎక్కువా తక్కువా అంటే యాడ చెప్తాది? ఎన్ని పడులని అడగండి."

"సరే. కూర్చుంటే ఎంత?"

"అరపడి," ఆమె తడుముకోలేదు.

"లేస్తే?"

"నిండు పడి. పైన కుప్ప. కింద గూడా రాల్తాది."

"నడిస్తే?"

"పావు."

"ఊరికే నిలబడితే?"

"గిద్దెడు. అదీ పొద్దు గూకినాకనే."

డాక్టరు చీటీ మీద ఆ కొలతలే రాసుకున్నాడు. తర్వాత దాపరికం లేకుండా చెప్పాడు. "అరిగిన ఎముక తిరిగి రాదవ్వా. నొప్పిని మొత్తం తీసెయ్యలేను. ఎంత మిగిలితే నీ పని సాగుతుంది?"

అరవై ఎనిమిదేళ్లలో ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. "పావైతే మోస్తా. అరపడైతే నా వల్ల గాదు."

అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి వచ్చి లెక్క అప్పగించేది. ఖాళీ కడుపున మాత్ర మండిస్తోందంటే, ఆమె సంగటి తినే వేళకు మార్చాడు. ఉడుకు ఇసుక మూటతో కాపడం పెట్టమన్నాడు. మంచం అంచున కూర్చుని కాలు చాచి, పది లెక్కపెట్టేదాకా దించకూడదన్నాడు. ఆమె కొలతగత్తె కదా, కొలిచేవాళ్ల ఆనవాయితీగా మొదటిదాన్ని ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టేది. తర్వాత డాక్టరు కూడా అలాగే లెక్కపెట్టడం నేర్చుకున్నాడు.

ఆశ్వయుజానికి కూర్చుంటే పావుకు దిగింది. లేస్తే మాత్రం అరపడి దగ్గరే ఆగింది.

"అది ఇంక తగ్గకపోవచ్చు," అన్నాడు డాక్టరు మెల్లగా. "నీకు అబద్ధం చెప్పను."

దేవకమ్మ తన చీటీ అడిగి తీసుకుంది. చదువు రాదు. అయినా వేలు పెట్టి చూపించింది. "నిలబడితే ఎంతని రాసినావు?"

"గిద్ద."

"అయితే నేను కూర్చోను నాయనా. కుప్పనే లేపుతా."

కార్తీకంలో నాయుడి చేనులో ఎద్దులు విప్పిన బండి ఒకటి, కాడి కింద కర్ర ఆనించుకుని సమంగా నిలబడింది. దాని మీద గోనెలు పరిచి, ఆడవాళ్లు కుప్పలు పోశారు. దేవకమ్మ పడి పట్టుకుని నేల మీద నిలబడింది. మునస్వామి పరుగున వచ్చాడు.

"ఇదేం చోద్యమే! నిలబడి కొలుస్తారా యాడన్నా? నాయుడా, లచ్చిమికి అపచారం!"

చెంగల్రాయుడు ఆమె వైపు చూశాడు. "ఏమ్మే దేవకమ్మా?"

"ఇన్నాళ్లూ లచ్చిమిని మట్టిలో కూర్చోబెట్టినాం నాయుడా. ఇప్పుడు బండెక్కించినాం. కిందుండేది నేనే గదా? అపచారం యాడుండాది?"

ఆడవాళ్లు పక్కున నవ్వారు. ఒకామె, "మునస్వామీ, నీ బొటనేలికి పనిలేదని గదా నీ బాధ!" అని చురక అంటించింది. తూర్పున మబ్బు కమ్ముతోంది. తడిస్తే పీకిన చెట్లన్నీ బూజు పడతాయి. ధర్మం కంటే వానకే ఎక్కువ భయపడే మనిషి నాయుడు. "కానీండి, బిరీన కానీండి," అన్నాడు.

"లాభం..." అంటూ దేవకమ్మ మొదటి పడి పోసింది. మూడు రోజులు కొలిచింది. నడుమ నడుమ ఇరుసుకు ఆనుకునేది, కాలు చాచి పది లెక్కపెట్టుకునేది.

తర్వాతి వారం ఆసుపత్రికి వచ్చింది. "ఎంత?" అన్నాడు ధనంజయ.

ఆమె సంచిలోంచి పావుపడి డబ్బా తీసి, ఉడకబెట్టిన కాయలు నింపి, అరచేత్తో తుడిచి బల్ల మీద కుమ్మరించింది. "ఇంత."

డాక్టరు ఒక కాయ వలిచి నోట్లో వేసుకున్నాడు. "పైన కాస్త కుప్పగా పొయ్యొచ్చు కదవ్వా, డాక్టరుకు?"

"నువ్వయినా, నాయుడయినా తల తుడిచే పోస్తా," అంది దేవకమ్మ. కుప్పయ్య చెయ్యి చాచాడు. అతనికీ అంతే కొలిచి పోసింది.