సముద్రం ఒడ్డున ఆర్మూరు దర్జీ

ఆర్మూరులో పెళ్లిళ్ల కాలం పసుపు ఎండిన తర్వాతే మొదలవుతుంది. కొమ్ములు ఉడికి, కళ్లాల్లో ఎండి, బస్తాలకెక్కి మార్కెట్టుకు పోయేదాకా చుట్టుపక్కల ఏ రైతు ఇంట్లోనూ ముహూర్తం మాట ఎత్తరు. అవి పోయాయంటే మాత్రం, బస్టాండు వెనక సందులో ఉన్న మానస కుట్టు దుకాణంలో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. ఆడవాళ్లు చేలనుంచి, కళ్లాలనుంచి నేరుగా వచ్చేవాళ్లు. సంచిలోంచి తీసిన జాకెట్ గుడ్డ మీద వాళ్ల వేళ్ల ముద్రలు పచ్చగా పడేవి. "ఉతికితే పోతదిలే బిడ్డా," అనేవాళ్లు. అది పోదని వాళ్లకూ తెలుసు, మానసకూ తెలుసు.

శాంతవ్వ దగ్గర మానస పని నేర్చుకుంది. చూపు మందగించాక శాంతవ్వ ఆ షట్టరును మానసకే వదిలిపెట్టి, రోజూ వచ్చి బల్ల మీద కూర్చుని కాజాలు కుట్టేది. ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి మానసకు ఊళ్లో పేరొచ్చింది. పెళ్లిపిల్ల వంగి బతుకమ్మ ఆడినా, చెయ్యెత్తి తలంబ్రాలు పోసినా మానస కుట్టిన జాకెట్ ఉన్నచోటునుంచి కదలదని చెప్పుకునేవాళ్లు. ఆ సందులో పెళ్లిపిల్లల నవ్వులు, వాళ్ల తల్లుల తగువులు, బయట కండక్టర్లు "నిర్మల్, నిర్మల్" అని వేసే కేకలు అన్నీ కలిసి ఒకే చప్పుడులా ఉండేవి. ఆ చప్పుడు లేకుండా మిషను తొక్కడం ఎలాగో ఆమెకు తెలియదు.

ఆమె భర్త రంజిత్ మేనత్త కొడుకే. వాళ్లది జక్రాన్‌పల్లి. మొదట ఇళ్లకు కరెంటు పని చేసేవాడు, తర్వాత హైదరాబాదులో ఏడాది ఉండి లిఫ్టుల పని నేర్చుకొచ్చాడు. ఆర్మూరులో లిఫ్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక మధ్యాహ్నం అతను దుకాణానికి వచ్చి, శాంతవ్వ పక్కన కూర్చుని, గుండీల డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"ఏమైంది బావా? ఏదో దాస్తున్నవ్," అంది మానస మిషను ఆపి.

"విశాఖపట్నంల జాబ్ వచ్చింది. నలభై బిల్డింగుల లిఫ్టులు నేనే చూసుకోవాలె."

"గంత దూరమా? ఈడ కరెంటు పని లేదా?"

"నేను నేర్చుకున్న పనికి మెట్లు ఎక్కలేనోళ్లు గావాలె మానసా. గాడ మస్తుమంది ఉన్నరు. రిటైరైనోళ్లంత సముద్రం చూస్కుంట గాడనే ఉంటరట. రెండేండ్లు చూద్దాం. మంచిగ లేకుంటే వాపస్ వద్దాం."

మానస శాంతవ్వ వైపు చూసింది. శాంతవ్వ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. సూదిలో అప్పటికే దారం ఉంది.

ఒప్పుకున్న జాకెట్లన్నీ కుట్టి ఇచ్చేశాక, షట్టరు తాళం యజమానికి అప్పగించి, మిషను తలకాయను దుప్పట్లో చుట్టుకుని మానస బస్సెక్కింది. సికింద్రాబాదులో రైలెక్కి మర్నాడు విశాఖపట్నంలో దిగేసరికి ఎండ కళ్లు తెరవనివ్వలేదు. ఆర్మూరు ఎండ పొడిగా ఉంటుంది, నీడలోకి వస్తే వదిలేస్తుంది. ఈ ఎండ నీడలోకి కూడా వెంటబడి వచ్చి చీరకు అంటుకుంది.

వాళ్లకు ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గరలో ఒక ఐదంతస్తుల బిల్డింగు కింద, జనరేటరు పక్కనున్న రెండు గదుల్లో దొరికింది. మొదటి ఉదయం సముద్రం చూద్దామని ఇద్దరూ వెళ్లారు. రోడ్డంతా జనం. తెల్లటి జుట్లు, తెల్లటి బూట్లు, మెల్లటి అడుగులు. పోర్టులో పనిచేసినవాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీలో చేసినవాళ్లు, నౌకాదళంనుంచి వచ్చేసినవాళ్లు, కాలేజీల్లో చెప్పినవాళ్లు. మానస తన వయసువాళ్ల కోసం వెతికింది. కొబ్బరిబోండాలు కొట్టే ఆమె ఒక్కతే కనిపించింది.

"బావా, గీ ఊర్లె పెండ్లిళ్లు అయితయా?" అని అడిగింది.

రంజిత్ నవ్వాడు గాని, ఆమె నవ్వడానికి అడగలేదు. వాళ్ల బిల్డింగులోని ఇరవై ఇళ్లలో అందరికన్నా చిన్నవాడికి యాభై తొమ్మిదేళ్లు. మానస గేటుకు "జాకెట్లు కుట్టబడును" అని కాగితం అంటించింది. మూడు నెలల్లో వచ్చినవి రెండు ప్యాంట్లు, ఒక సంచి జిప్పు. అవి తెచ్చినవాళ్లు మర్యాదస్తులే. కానీ ఆమె "గుండీలు ఊడినయా?" అంటే ఒక క్షణం ఆగి, "ఓహో, బొత్తాలా?" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వులో తప్పేమీ లేదు. అయినా మానస మాట్లాడటం తగ్గించేసింది. పదకొండు గంటలకు పని లేక మిషను ముందు కూర్చుని శాంతవ్వకు ఫోను చేసేది. చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అప్పుడు, ఇప్పుడు పక్క కుట్టు దుకాణంలో కూర్చుంటున్న శాంతవ్వ, ఫోనును సందు వైపు తిప్పి పట్టుకునేది. బస్సుల హారన్లు, ఎవరో ఎవరినో పిలవడం, ఎక్కడో మైకు. మానస అది విని, చాలని చెప్పి పెట్టేసేది.

ఐదో అంతస్తులో వరహాలమ్మగారని ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ ఉండేవారు. భర్త పోయి చాలాకాలమైంది. రంజిత్ రాకముందు ఆ బిల్డింగు లిఫ్టు పాడై ఉండేది. అతను వచ్చి బాగుచేశాక పైవాళ్లంతా మళ్లీ కిందికి దిగి తిరగడం మొదలుపెట్టారు, ఆమె తప్ప.

ఒకరోజు అన్నం తింటూ రంజిత్ చెప్పాడు. "లిఫ్ట్ మంచిగున్నది గదా టీచరమ్మా, కిందికి రారాదా అన్న. 'లిఫ్టు బాగానే ఉంది బాబూ, బాగాలేనిది నేను' అన్నది. ఆడోళ్లు ఆడోళ్లకైతే చెప్తరు. నువ్వొకసారి పోయిరా."

మానస రెండు సర్వపిండి రొట్టెలు కాల్చి పళ్లెంలో పెట్టుకుని పైకి వెళ్లింది. తలుపు తీసినావిడ నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నిటారుగా నిలబడ్డారు. రొట్టె తుంచి నోట్లో వేసుకుని, "ఇందులో నువ్వులేశావు, బాగుందమ్మాయ్. ఏ ఊరు మీది?" అన్నారు.

"ఆర్మూర్. నిజామాబాద్ దిక్కు."

"ఏం చేసేదానివక్కడ?"

"జాకెట్లు కుట్టేదాన్ని టీచరమ్మా."

ఆవిడ తువ్వాలును ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నారు. కాసేపటికి తనంతట తానే చెప్పారు. స్నానాలగదిలో పడి కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి గుండెల కన్నా పైకి లేవదు, వెనక్కి పోదు. జాకెట్టు తొడుక్కోలేరు. "పనిమనిషి తొడుగుతానంటుంది. నాకిష్టం లేదు. ముప్పై నాలుగేళ్లు ఇస్త్రీ చీరలో పిల్లల ముందు నిలబడ్డాను. నైటీలో బీచికి ఎలా వెళ్లనమ్మా?"

"రెక్క ఎంతదాంక లేస్తది? ఒక్కసారి చూపెట్టుండ్రి."

"ఏటీ, రెక్కా? నాకు రెక్కలెక్కడివే?" అని ఆవిడ పకపకా నవ్వారు. ఆర్మూరులో చేతిని రెక్క అంటారని మానస చెబితే, ఆవిడ ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నారు. ఆ ఊరికి వచ్చాక మానసకు తన మాట మీద కోపం రాకపోవడం అదే మొదలు.

మర్నాడే కొలతలు తీసుకుంది. సంక దగ్గర వదులు పెట్టి, హుక్కులన్నీ ముందుకు పెట్టి కుట్టి తీసుకెళ్లింది. ఎడమ చెయ్యి ఎక్కింది, కుడి చెయ్యి ఎక్కలేదు. జాకెట్ చేతిలోకి చెయ్యి దూర్చాలంటే దాన్ని వెనక్కి తిప్పాలి. టీచరమ్మ పళ్లు బిగించి ప్రయత్నించారు, నుదుటి మీద చెమట పట్టింది. "వదిలేయమ్మా. నీ తప్పేం కాదు," అన్నారు. మానస ఆ జాకెట్ చేత్తో పట్టుకుని లిఫ్టెక్కకుండా మెట్ల మీదుగా దిగింది. పెళ్లిపిల్లలకు ఎన్ని వందల జాకెట్లు కుట్టినా ఇంత సిగ్గుగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ సాయంత్రం గుడ్డముక్కలు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఆమెకు నాయనమ్మ ముత్తెమ్మ గుర్తొచ్చింది. ముత్తెమ్మ చనిపోయేదాకా ముడి రవికే తొడుక్కుంది. హుక్కులుండవు, రెండు కొసలూ గుండెల మీద ముడేసుకోవడమే. కొత్తగా పని నేర్చుకున్న మనవరాలు మంచి హుక్కుల జాకెట్ కుట్టిపెడతానంటే, "నా ముడి నా చేతిల ఉంటది పిల్లా. నీ హుక్కుల తిప్పలు నాకెందుకు?" అని పసుపు తవ్వడానికి పోయింది. పాతకాలం మనిషని మానస ఆ రోజు నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. చెయ్యి గుండెలదాకా లేస్తుంది కదా, ముడి చాలు. మిగిలింది జాకెట్ కుడి చెయ్యి ఒక్కటే. దాన్ని దూర్చుకునేలా కుట్టడం ఎందుకు? మెడ దగ్గరనుంచి భుజం మీదుగా చేతి చివరిదాకా విప్పేసి, చెయ్యి మీద కప్పుకుని మూసుకునేలా చేస్తే?

మొదటిది వంకరగా వచ్చింది. రెండోది భుజం దగ్గర నిలబడలేదు. మూడోదానికి విప్పిన అంచు పొడవునా ఆరు టిచ్ బటన్లు పెట్టి, పైన కనబడకుండా సన్నటి పట్టీ వేసింది. ఎడమ చేత్తో నొక్కితే మూసుకుంటుంది.

టీచరమ్మ ఆ జాకెట్ తీసుకుని, "నువ్వు హాల్లో కూర్చో," అని గది తలుపు వేసుకున్నారు. మానస కూర్చోలేకపోయింది. లోపలినుంచి చాలాసేపు ఏ శబ్దమూ రాలేదు. తర్వాత టిక్ మని ఒకటి. ఆగి ఇంకొకటి. ఆరూ వినబడేదాకా ఆమె లెక్కపెడుతూనే ఉంది. తలుపు తెరుచుకునేసరికి టీచరమ్మ పొందూరు చీర కట్టుకుని నిలబడి ఉన్నారు.

"కుచ్చిళ్లు కాస్త సర్దమ్మా. అవి నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ సరిగ్గా వచ్చేవి కావు," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం మానస వైపు తిరగలేదు.

ఇద్దరూ లిఫ్టులో దిగారు. కింద పానా పట్టుకుని నిలబడ్డ రంజిత్ ఆవిడను చూసి నమస్కారం పెట్టాడు. ఆవిడ రోడ్డు దాటి, ఇసుక ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల మీద, భుజం విరిగిన పదినెలలకు, మళ్లీ కూర్చున్నారు. నడిచేవాళ్లు ఒక్కొక్కరే ఆగి "టీచరుగారూ!" అన్నారు. ఎండెక్కేలోగా ఆ జాకెట్టు కథ బీచ్ రోడ్డంతా తెలిసిపోయింది.

ఆ తర్వాత మానసకు తీరిక లేదు. వేళ్లు వంకర్లు పోయి నాడా ముడి వేసుకోలేనివాళ్లకు సాగే నడుముపట్టీ ఉన్న లంగాలు కుట్టింది. చేతులు వణికే పోర్టు ఇంజనీరుకు చొక్కాల మీద ఉత్త గుండీలు కుట్టి, లోపల టిచ్ బటన్లు పెట్టింది. ఆ పెద్దమనిషి తన చొక్కా తానే వేసుకుని భార్యకు చూపించడానికి వంటింట్లోకి వెళ్తే, ఆమె పొయ్యి ఆపి చూసిందట. గేటు మీద కాగితాన్ని టీచరమ్మ తన దస్తూరీతో మళ్లీ రాసిచ్చారు.

మూడో ఏడు వైశాఖంలో రంజిత్ చెల్లెలు రజిత పెళ్లికి ఇద్దరూ జక్రాన్‌పల్లి వచ్చారు. పెళ్లికి రెండు రోజుల ముందు మానస ఒక్కతే ఆర్మూరు వెళ్లింది. ఆమె దుకాణంలో ఇప్పుడు ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. సందు మాత్రం అలాగే ఉంది. పక్క కుట్టు దుకాణంలో ఒక పెళ్లిపిల్ల జాకెట్ మెడ కుదరక గొడవ పడుతుంటే మానస వెళ్లి రెండు గుండుసూదులు గుచ్చి సరిచేసింది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని ఎగిరి గంతేసింది. ఎంతకాలమైంది అలాంటి గంతు చూసి!

అక్కడే బల్ల మీద కూర్చున్న శాంతవ్వ అదంతా చూస్తూనే ఉంది. "మూలమీద షట్టర్ ఖాళీగున్నది," అంది. "రెండేండ్లన్నరు గదా. రెండేండ్లు దాటింది. వస్తవా?"

వస్తానన్న మాట మానస నోటిదాకా వచ్చింది. చాయ్ తాగుతూ ఆ మాటను కాసేపు నోట్లోనే ఉంచుకుంది. ఇక్కడ ఆమెను ఎవరూ మాట ఆపి అర్థం అడగరు. ఇక్కడ గాలి కూడా తనదే అనిపిస్తుంది. కానీ పక్క దుకాణంలో కుట్టే అమ్మాయి చెయ్యి కూడా మంచిదే. తాను లేకపోయినా రెండు పెళ్లిళ్ల కాలాలు గడిచాయి, ఏ పెళ్లీ ఆగలేదు.

"పెండ్లిపిల్లలకు కుట్టెటోళ్లు ఈడ పదిమంది ఉన్నరు పెద్దమ్మా," అంది చివరికి. "గాడ టీచరమ్మకు కుట్టెటోళ్లు నేను తప్ప ఎవ్వరు లేరు."

శాంతవ్వ చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. "గట్లయితే గాడనే ఉండు," అని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేదాకా మానస కదల్లేదు. ఆ సాయంత్రమే రంజిత్‌కు చెబితే, "నీ ఇష్టమే నా ఇష్టం," అన్నాడు. అతని ముఖంలో తేలికా కనిపించింది, దిగులూ కనిపించింది.

తిరుగు ప్రయాణంలో రైలు దిగగానే ఎక్కడో లిఫ్టు ఆగిందని ఫోను వస్తే రంజిత్ అటునుంచి అటే పోయాడు. మానస ఇంటికొచ్చి, అత్తగారిచ్చిన కొత్త పసుపు పొడిని కాగితాల్లో పొట్లాలు కట్టి, ఇంటింటికీ ఇస్తూ పైదాకా ఎక్కింది. టీచరమ్మ పొట్లం విప్పి వాసన చూశారు. బయట సముద్రం మీద ఎండ తెల్లగా మండుతోంది.

"కూర్చో," అన్నారు. "మూడేళ్లు కావస్తోంది నువ్వొచ్చి. మీ ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారైనా చెప్పలేదు నువ్వు."

ఎవరూ అడగలేదు మరి. మానస చల్లటి గచ్చు మీద కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు ఆలోచించింది. తర్వాత ఊరి వెనక ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే నల్లరాళ్ల గుట్ట దగ్గర మొదలుపెట్టింది.