నా ముంజేతి చర్మం

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలోని ఒక ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మనిషి చర్మంలో రెండుగా చీలుతున్న కణాలను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం నా ఉద్యోగం. సాయంత్రానికి కళ్ళు లాగేసేవి. అయినా ఇష్టంగానే చేసేదాన్ని.

ల్యాబ్‌కి పెద్ద మన తెలుగాయనే, గుంటూరు వైపు మనిషి. ఆదివారం తెలుగు ప్రార్థనలకు ఆయన కార్‌లోనే వెళ్ళేదాన్ని. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యా అనేదాన్ని. జబ్బులేని చర్మం కావలసివచ్చినప్పుడు ఇంకొకరిని వెతకనివ్వలేదు, నా ఎడమ ముంజేయి చాపాను. మిరియపు గింజంత ముక్కలు మూడు తీశారు.

అసలు సంగతి ఆ ముక్కల్లోనే నా కంటపడింది. చీలే కణాలు చర్మం అడుగు పొర అంతటా సమంగా లేవు. ఆ పొర అలలా వంగి లోపలికి దిగినచోట గుంపులుగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ. నెలరోజులు కూర్చుని ఆ గుంపుల బొమ్మలు గీసి ఆయన ముందు పెట్టాను.

"భలే పట్టావు చెల్లెమ్మా. దీన్ని పేపర్‌గా పబ్లిష్ చేద్దాం," అన్నారు.

నా పేరు అచ్చులో చూసుకోబోతున్నానని పొంగిపోయాను.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి పేజీ కింద ఆ పని చేసినవాళ్ళు సంతకం పెట్టాలి. అన్నయ్య ఉండగా నేను పెట్టడమేమిటని, "మీరే పెట్టండన్నయ్యా," అంటూ పెన్ను అందించేదాన్ని. ఆయన వద్దనేవారు కాదు. అది మర్యాద అనుకున్నాను. ఒట్టి తెలివితక్కువతనం.

పేపర్ వచ్చింది. ఆయన పేరుంది, ఇంకో ఇద్దరి పేర్లున్నాయి. నాది లేదు. ఒళ్ళు మండిపోయి నేరుగా ఆయన గదికి వెళ్ళాను.

"నోట్‌బుక్ చెక్ చేసుకోమ్మా, సంతకాలన్నీ నావే కదా," అన్నారు, గొంతు పెంచకుండా. "నువ్వు హెల్ప్ చేశావు, కాదనను. సండే ప్రేయర్‌కి ఎప్పటిలాగే పికప్ చేసుకుంటాలే."

బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. పరాయివాడు చేసుంటే ఇంత బాధపడేదాన్ని కాదు. ఆదివారం ఆయన కిందనుంచి హారన్ కొడుతున్నా దిగలేదు.

చాలా వారాల తర్వాత మనసు రాయి చేసుకుని ఆ పేపర్ మొదటినుంచి చివరిదాకా చదివాను. అందులో నేను లేకపోలేదు. రెండో పేజీలో, చర్మం ఎవరినుంచి తీశారో చెప్పేచోట ఉన్నాను: ఆరోగ్యవంతురాలైన స్త్రీ, ఇరవై తొమ్మిదేళ్ళు, ఎడమ ముంజేయి.