కాన్వాసు కుళాయి

ఆ రోజుల్లో ఇంట్లో కుళాయి ఉండటం కలిగినవాళ్ల లక్షణం. కుళాయే లేని ఊళ్లో దాన్ని పుట్టించాలనుకోవడం మాత్రం కొత్తగా పెళ్లయినవాడి లక్షణం. నేనప్పుడు అల్లూరు అవతల, సముద్రానికి దగ్గర పల్లెలో, కాలువల సర్వేలో చిన్న ఓవర్సీరుని. నా భార్య నెల్లూరులో కుళాయి తిప్పుకుంటూ పెరిగిన పిల్ల. పల్లెలో బావినీళ్లు ఉప్పన. మంచినీళ్లు కావాలంటే ఇసకలో చెలమ తవ్వి ముంతతో తోడుకోవాలి. (ఆవిడ ఒక్కనాడూ సణగలేదు. సణిగి ఉంటే నాకంత భయం ఉండేది కాదు.) ఇంతలో మా అత్తగారి కబురు వచ్చింది: "ఆదివారం వస్తా ఉండాను. పిల్ల అక్కడ అవస్థ పడతా ఉంటే, మీకు బదిలీ అయ్యేదాకా నాతో తీసుకొని పోతాను." ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

దేవుడిలా గుర్తొచ్చింది, మా గొడుగు దొర వదిలిపోయిన స్నానాల సంచి. (ఎండ పడని మా ఇంజనీరుగారికి మేం పెట్టుకున్న పేరది.) క్యాంపులో ఆ కాన్వాసు సంచిని కొమ్మకు వేలాడదీసి నీళ్లు పోస్తే, అడుగున ఉన్న చిల్లుల మూతలోంచి ఆయన నెత్తిన వాన కురిసేది. నేను ఆ మూత ఊడదీసి, సైకిలు ట్యూబు ముక్క తొడిగి, దాని కొసన పాత డ్రమ్ముకున్న ఇత్తడి కుళాయి బిగించి, వంటింట్లో అంట్లు తోమే తొట్టి మీద దూలానికి కట్టాను. కుళాయి బ్రహ్మాండంగా తిరిగింది గానీ, సంచి ఒళ్లంతా కారడం మొదలుపెట్టింది. పడవల్లోకి నీళ్లు దిగకుండా రేవులో సొరచేప నూనె పూయడం రోజూ చూస్తున్నవాణ్ణి. నీళ్లను లోపలికి రానివ్వని నూనె బయటికి మాత్రం పోనిస్తుందా? సంచికి లోపలా బయటా దట్టంగా పట్టించాను. కారడం ఆగింది.

"ఏమండీ, ఏందో వాసన వస్తా ఉండాదే?" అంది నా భార్య.

"సముద్రపు గాలిలే," అన్నాను. చేపల పులుసుకు పేరుపడ్డ జిల్లాలో ఉండి కూడా చేప ముట్టని ఇళ్లు మావి. అయినా ఆ గాలికి నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

ఆదివారం అత్తగారు కుళాయి తిప్పి, చేతులు కడుక్కుని, కళ్లు పెద్దవి చేశారు. "పరవాలేదు నాయనా, కుళాయే పెట్టించినావే!" నేను ఉబ్బిపోయాను. అంతలో ఆవిడ చెయ్యి ముక్కు దగ్గరికి పోయింది. మొహం చిట్లించి మళ్లీ కడిగారు, అదే కుళాయి కింద. కడిగినకొద్దీ కంపు పెరిగింది.

"ఏంది నాయనా ఇది? చేపల బుట్టలో చేతులు పెట్టినట్టుండాదే!"

"సొరచేప నూనె అత్తయ్యా... సంచి కారకుండా..."

ఆవిడ చేతులు రెండూ దూరంగా చాపి పట్టుకుని, "అమ్మే, పెట్టె సర్దుకో. పోదాం పద," అన్నారు.

నా భార్య గోడకానుకుని, పమిట నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు అదురుతున్నాయి, కళ్లలో నీళ్లు. ఏడుస్తోందనుకున్నాను, నా కాపురం ముగిసిందనే అనుకున్నాను. తీరా పమిట తీస్తే నవ్వు! నిలబడలేక కింద కూర్చుని మరీ నవ్వింది.

"అమ్మా, మన నెల్లూరులో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, అంతే గదా! నేను యాడికీ రాను పో!"

"నా చేతుల సంగతి ఎట్టా మరి?" అంటూ అత్తగారు గదమాయించారు గానీ, ఆవిడ మూతి కూడా వణుకుతోంది. కూతురు చింతపండు, చెలమనీళ్లు పట్టుకొచ్చి తల్లి చేతులు రుద్దింది. సాయంత్రం బస్సుకు ఆవిడ ఒక్కరే వెళ్లారు.

ఇప్పుడు ఇంట్లో ఏది చెడిపోయినా మనిషిని పిలిపిస్తాను. అతను నిమిషంలో బాగుచేసి పోతాడు. నా భార్య వచ్చి, తిప్పి చూసి, "బాగా చేసినాడు," అని తన పనిలోకి వెళ్లిపోతుంది. అలాంటప్పుడు ఆనాటి నాలోని ఆ కుర్ర ఓవర్సీరును తలుచుకుంటే నాకు కాస్త అసూయగానే ఉంటుంది.