అడగకుండా ఇచ్చిన బహుమతి

నా చిన్నప్పుడు, అమెరికాలో, ఎడిసన్‌ ఊళ్లో మూడో తరగతి చదివే రోజుల్లో, నాకు లెక్కలంటే మహా విసుగు. వర్క్‌షీట్ ముందు పెడితే పేరు రాసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. మా టీచరమ్మ ఒక కార్డు ఇచ్చి, షీట్ పూర్తిచేసినప్పుడల్లా దాని మీద నక్షత్రం ముద్ర వేస్తానంది. కార్డు నిండిన పిల్లలు శుక్రవారం తనతో కూర్చుని పిజ్జా తినొచ్చు.

నేను నిజంగానే కష్టపడ్డాను. భిన్నాలు అర్థంకాక ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ చేశాను. కార్డు నిండింది. తీరా శుక్రవారం పెట్టె తెరిస్తే, ప్రతి ముక్క మీదా ఎర్రటి మాంసం బిళ్లలు. మేం మాంసం తినమని టీచరమ్మకు తెలుసు.

"అవి తీసేసి తినెయ్," అంది నవ్వుతూ.

తినలేకపోయాను. మిగతావాళ్లు తింటుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఇంత కష్టపడింది ఇందుకా అనుకున్నాను. సోమవారం నుంచి పెన్సిల్ ముట్టలేదు.

టీచరమ్మ మా ఇంటికి ఫోన్ చేసింది. "గొడవెందుకమ్మా, కాస్త అడ్జస్ట్ అవ్వాలి," అన్నారు నాన్న. రోజూ నన్ను బడి నుంచి తీసుకొచ్చే పక్కింటి ఆంటీ మాత్రం ఊరుకోలేదు.

"టీచర్ మంచిదే అన్నయ్యగారూ, కాదనట్లేదు. పిల్ల అంత హార్డ్‌వర్క్ చేస్తే, నీకేం కావాలని ఒక్క మాట అడగొద్దా?"

మర్నాడు నా చెయ్యి పట్టుకుని క్లాసులోకి నడిచింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. టీచరమ్మ సారీ చెప్పి, ఈసారి చీజ్ పిజ్జా తెప్పిస్తానంది. ఆంటీ తల అడ్డంగా ఊపింది.

"పిజ్జా నాట్ ప్రాబ్లం. డిడ్ యూ ఆస్క్ హర్?"

ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నీకేం కావాలని అడిగింది. అంతకుముందు నన్నెవరూ అలా అడగలేదు. క్లాసంతా కలయజూశాను. బెల్ మోగింది, పిల్లలు లోపలికి వస్తున్నారు, అయినా నా జవాబు కోసం ఆగిన టీచరమ్మ, ఆంటీ ఇద్దరూ కదల్లేదు. చివరికి క్లాసులోని తాబేలు తొట్టి వైపు వేలు చూపించాను. దానికి మేత నేను వెయ్యాలి, అంతే.

అప్పటినుంచి షీట్ పూర్తిచేసిన రోజు తాబేలుకి ఆకుకూర వేసే పని నాది. భిన్నాలు ఇష్టమయ్యాయని అబద్ధం చెప్పను. కానీ చేశాను.

ఇప్పుడు నేనూ టీచర్నే, జుట్టు నెరిసింది. పిల్లలకి ఏమిస్తే చదువుతారో మాకు తెలుసని మీటింగుల్లో ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లతో వాదించి, క్లాసుకొచ్చి, మొండికేసిన పిల్ల పక్కన చిన్న కుర్చీలో కూర్చుని, నీకేం కావాలని అడుగుతాను. భుజాలెగరేసి "ఐ డోంట్ నో" అంటుంది.

నేను లేవను.