శౌరమ్మ ఇంటికి తెచ్చుకున్న కేళీ

చల్లపల్లి చుట్టుపక్కల విత్తనం కోసం వరి వేసే రైతులకి శౌరమ్మ ఉందంటే సగం ధైర్యం. పైరు ఈనే వేళకి ఆమె తన ముఠాని వెంటేసుకుని చేలోకి దిగేది. ఒకే రకం ఉండాల్సిన చేలో వేరే పోలికతో మొలిచిన మొక్కల్ని కేళీలంటారు. అవి మిగిలితే తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఆ చేను విత్తనానికి పనికిరాదంటాడు. అందుకే శౌరమ్మ చేతికి జాలి ఉండేది కాదు. కనబడిన కేళీని కనబడినట్టే పీకి గట్టు మీద పారేసేది. ఆ పనిలో ఆమెకి కాస్త పొగరు కూడా ఉండేది. ఉండనీయండి, పనికి తగ్గ పొగరే.

తొంభై ఐదులో వెంకటకృష్ణారావుగారి చేలో ఆమెకో దుబ్బు ఎదురైంది. కర్ర లావుగా, నిటారుగా ఉంది. వెన్నులు చుట్టుపక్కల వాటికంటే బారుగా, గింజలతో కిక్కిరిసి ఉన్నాయి. కేళీయే, అనుమానం లేదు. పీకింది కూడా. పారేయడానికే మనసు రాలేదు. వేళ్లకున్న మట్టిపెళ్లతో సహా చంటిపిల్లలా చంకనేసుకుని ఇంటికి తెచ్చి, పాత సిమెంటు తొట్టిలో నాటింది.

"ఊళ్లో కేళీలన్నీ పీకేదానివి, ఇంటికొకటి తెచ్చుకున్నావేందే?" అని నవ్వాడు భర్త ఇన్నయ్య.

"నీకు జతగా ఉంటదని తెచ్చాలే."

గింజలు పండాక రైతు దగ్గరకెళ్లి ఉన్నమాట చెప్పేసింది. "మీ చేలోదే బాబుగారూ, అడక్కుండా తీసుకెళ్లా. కాస్త చోటిస్తే పెంచుకుంటా."

ఆయనకి కోపం రాలేదు సరికదా ముచ్చటేసింది. విత్తనపు చేనుకి దూరంగా, కాలువ గట్టు కింద చిన్న మడి చూపించాడు.

మరుసటేడు ఆ మడి చూసి శౌరమ్మ నెత్తి కొట్టుకుంది. బారు వెన్ను వేసినవి కర్రలో బలం లేక పడిపోయాయి. కర్ర గట్టివి కురచ వెన్నుతో సరిపెట్టాయి. కొన్నిట్లో సగం తాలు.

"తల్లి అంత లక్షణంగా ఉంటే పిల్లలిట్టా ఏడ్చాయేంటి బాబుగారూ?"

"అది రెండు రకాలకి పుట్టిన సంకరం శౌరమ్మా. ఒకదానికి కర్ర ఒక రకంది వస్తే, ఇంకోదానికి వెన్ను ఇంకో రకంది వస్తుంది. దిగుబడికి ఒక్క గుణం చాలదు. వెన్ను, గింజ, పిలకలు, కర్ర అన్నీ ఒక్క మొక్కలోనే కుదరాలి. కుదిరినవి ఏరి, మళ్లీ వేసి, మళ్లీ ఏరాలి. ఏళ్లు పడుతుంది."

"ఏరడమేగా," అంది శౌరమ్మ.

అప్పట్నుంచి ఆమెకి అదే లోకం. తల్లిని పోలిన దుబ్బులు ఏటా ఏరేది, దేని గింజలు దానికే విడిగా మూటగట్టి చూరుకి వేలాడదీసేది, తర్వాతి పంటకి విడివిడిగా నాటేది. మాట తప్పిన వరసని నిర్దాక్షిణ్యంగా పీకేసేది. కాలువ నీళ్లు ఆలస్యమైన ఏడు ఇన్నయ్య సణుక్కుంటూనే బిందెలతో మోసి ఆ మడి తడిపాడు. ఆయన సణుగుడు ఆమెకి అలవాటే, ఆ ఏడు మాత్రం భలే ఇష్టమైంది.

రెండువేల మూడులో పైరు ఈనింది. శౌరమ్మ చీర చెక్కుకుని ఎప్పట్లాగే మడిలో దిగింది. నడుం వంచి, ఒక్కో వరస తడుముకుంటూ అవతలి గట్టు దాకా వెళ్లింది. నమ్మకం కుదరక మళ్లీ వెనక్కి వచ్చింది. గట్టెక్కి, ఖాళీ చేతులు చూసుకుని భోరున ఏడ్చింది.

ఇన్నయ్య హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? పాముగానీ కరిచిందా?"

"పీకడానికి ఒక్కటీ లేదయ్యా," అంది శౌరమ్మ.