మేడి కట్టిన పడవ

పావగడ తాలూకా మొత్తానికి నౌకాదళం నాదొక్కడిదే. పద్నాలుగు అడుగుల తెరచాప పడవ ఒకటి, దాన్ని మోసే రెండు చక్రాల ట్రైలరు ఒకటి. బెంగళూరు దగ్గర ఏదో క్లబ్బువాళ్ళు మూలన పడేసినదాన్ని తెచ్చి వల్లూరులో మా అన్న వాకిట్లో నిలబెట్టిన రోజు ఊరంతా వచ్చింది. పక్క జిల్లా మేకలు కూడా వచ్చాయని నా అనుమానం.

"ఏమప్పా, ఎనక సముద్రం గూడా వస్తా ఉండాదా?" అన్నాడొక ముసలాయన.

తెచ్చింది మా అన్న కోసం. పొలమంతా సోలారు పలకల కిందికి పోయాక ఆయన చేతులకు పని లేకుండా పోయింది. మాట కూడా తగ్గింది. అరుగు మీద ఊరికే కూర్చున్నా కుడిచెయ్యి దేన్నో కిందికి అదుముతున్నట్టే ఉండేది. పడవకు చుక్కాని ఉంటుంది కదా, నీటి మీద ఒక్కసారి దాన్ని తిప్పితే మనిషి మళ్ళీ మనిషవుతాడని నా ఆశ.

అన్న ముందుగా చుక్కాని పిడి పీకేసి, దున్నేటప్పుడు పట్టుకునే పాత మడక మేడిని అటక మీంచి దించి అక్కడ బిగించాడు. హొసకోటలో నా అంగడి నుంచి తెచ్చిన నీలం టార్పాలిన్‌తో తెరచాపకు మాసిక వేశాం. పక్కూరు క్యాతగానచెర్లు మొత్తానికి దుప్పటిగా కప్పగా ఇంకా మిగిలేంత మాసిక. తరవాత పడవ కింద దూరిన అన్న కేక పెట్టాడు.

"రేయ్, అడుగున ఇంత పొడుగు సందు ఉండాది! బొక్క పడవను అంటగట్టినారు కదరా నీకు!"

జానెడు లోతు నీళ్ళెరగని వంశం మాది. ఆ సందులో దూర్చి ఉన్న పలకను ఊడదీసి వదినకు బట్టలుతుక్కోను ఇచ్చి, సందును ఫైబరు బంకతో పూడ్చేశాం.

రాక రాక వానలొచ్చి చెరువు నిండింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి పడవను దించాం. తెరచాప ఉబ్బింది. మేడి పట్టుకుని అన్న నవ్వాడు. అంతలో పడవ ఎండ్రకాయలా పక్కకు జారడం మొదలుపెట్టింది. మేడి ఎటు తిప్పినా గాలి తోసిన వైపే పోయి కట్ట కింద కంపలో దూరింది. ఎన్నిసార్లు దించినా అంతే. కట్ట మీద ఈలలు.

"కంప మీద మోజు పడిండాదన్నా మన పడవ," అన్నాను. అన్న నవ్వలేదు.

"ఇది గూడా నా మాట వినదు లేరా." మేడి వదిలి ఇంటికి నడిచాడు.

ఆ తరవాత ఫోనులో ఒక వీడియో చూస్తే తెలిసింది, అది బొక్క కాదట. ఆ సందులోంచి పలకను నీళ్ళలోకి దించితేనే పడవ పక్కకు జారకుండా చుక్కాని మాట వింటుందట. వదిన దగ్గరికి పరిగెత్తాను.

"తీసుకపో మరిదీ. మీ ఓడ మునిగినంక నా పలక నాకు తెచ్చియ్యి."

సంగతి వినగానే అన్న లేచొచ్చి, చెరువు ఒడ్డునే కూర్చుని ఉలితో సందు తొలిచాడు. మేం పెట్టిన బంక కోటగోడకన్నా గట్టిది. అది ఊడేలోపు ఎండలు ముదిరి, బర్రె పడుకునేంత గుంట మిగిలింది. అయినా పడవను ట్రైలరు మీదే ఉంచి పలక దించి చూసుకున్నాడు. చక్కగా దిగింది.

"ఇప్పుడు వింటాది," అన్నాడు, ఎండిన చెరువును చూస్తూ.

ట్రైలరును ట్రాక్టరుకు తగిలించి ఇంటిదారి పట్టాం. నేను ట్రాక్టరు మీద, అన్న పడవలో, మేడి దగ్గర. పలక పైకి లాగడం ఇద్దరం మరిచాం. కాస్త దూరం పోయాక వెనక్కి చూస్తే, చెరువు మట్టిలో మా వెంటే ఒక సాలు పడుతూ వస్తోంది. ట్రాక్టరు వేగం తగ్గించాను.

అన్న కూడా తిరిగి చూశాడు.

"లోతు చాలదు," అన్నాడు.

చెయ్యి మేడిని కిందికి అదుముతూనే ఉంది.